గోరంత పురుగుకి వందల ఫొటోలు: ఎక్స్‌ట్రీమ్ మాక్రోలో అసలు చిక్కు ఎక్కడ?

క్లుప్తంగా: ఎక్స్‌ట్రీమ్ మాక్రోలో, అంటే మరీ దగ్గరి నుంచి తీసే ఫొటోల్లో, పురుగును పెద్దగా చూపించడం ఇవాళ కష్టమేమీ కాదు, కొన్ని వందల రూపాయల రింగుతో కూడా అయిపోతుంది. కానీ పెద్దది చేసే కొద్దీ వెలుతురు తగ్గుతుంది, ఫోకస్‌లో ఉండే మందం వెంట్రుకంతకు పడిపోతుంది, పోనీ అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) మూద్దామంటే బొమ్మ మొత్తం మసకబారుతుంది. ఈ రంగంలోని పరికరాలు, కిటుకులు అన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. అందుకే చాలాసార్లు ఖరీదైన లెన్స్ కంటే ఫ్లాష్ ముందు అడ్డం పెట్టిన తెల్ల కాగితమే ఎక్కువ పని చేస్తుంది.

కళ్లు కాని కళ్లు

2022 అక్టోబరులో ఒక చీమ ముఖం ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. లిథువేనియా ఫొటోగ్రాఫర్ యూజీనియస్ కవలియౌస్కాస్, మైక్రోస్కోపు ఫొటోల కోసం జరిగే నికాన్ స్మాల్ వరల్డ్ పోటీకి పంపిన ఫొటో అది. ఆ ఏడాది మొదటి బహుమతి ఒక బల్లి జాతి పిండం చేతి ఫొటోకి వెళ్లింది, కానీ జనానికి గుర్తుండిపోయింది మాత్రం చీమే. చీకట్లోంచి ముందుకొచ్చినట్టున్న ముఖం, ఎర్రగా మెరిసే రెండు కళ్లు, కింద కోరలు. దయ్యం సినిమా పోస్టర్ అన్నారు కొందరు, కంప్యూటర్‌లో చేసిన బొమ్మ అన్నారు ఇంకొందరు.

నిజానికి ఆ రెండు ఎర్ర చుక్కలు కళ్లు కావు. మన గండుచీమల కుటుంబానికే చెందిన ఆ చీమకి మీసాలు మొలిచే చోటు అది. కళ్లు తలకి అటూ ఇటూ పక్కకి ఉంటాయి. చీమలో కొత్తగా ఏమీ పుట్టలేదు, ఎప్పుడూ చూడని దగ్గరితనం నుంచి, ఎప్పుడూ చూడని కోణంలో చూశాం కాబట్టి మన బుర్ర తనకి తెలిసిన ముఖాన్ని దాని మీద అతికించేసింది.

ఇలాంటి ఫొటో ఏది వైరల్ అయినా కింద అవే ప్రశ్నలు. ఇది నిజం ఫొటోయేనా? ఏ కెమెరా? నా ఫోన్‌లో కూడా మాక్రో ఉంది, దాంట్లో ఎందుకు రాదు? వీటికి జవాబు కెమెరా కంపెనీ పేరులో లేదు, కాస్త లెక్కలో ఉంది.

మాక్రో అంటే ఎంత?

వస్తువు ఎంత ఉందో కెమెరాలో వెలుతురు పట్టే సెన్సార్ మీద పడే దాని బొమ్మ కూడా అంతే ఉంటే దాన్ని 1:1 అంటారు, వాడుకలో వన్ ఎక్స్. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సార్ వెడల్పు 36 మి.మీ., కాబట్టి వన్ ఎక్స్‌లో 36 మి.మీ. వెడల్పు ఉన్న వస్తువు ఫ్రేమ్ నిండా పడుతుంది. చిన్న సీతాకోకచిలుకకి అది చాలు. ఆరుద్ర కార్తెలో తొలి వానలకి ఎర్ర మఖమల్ ముక్కలా నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగుకి కూడా దాదాపు అది చాలు (లెక్క ప్రకారం అది కీటకం కాదు, ఎనిమిది కాళ్ల నల్లి జాతి, అయినా ఈ ఫొటోగ్రాఫర్లకి అదంటే మహా ముద్దు).

ఇప్పుడు బియ్యం డబ్బాలో దొరికే ముక్కుపురుగు సంగతి చూద్దాం. పొడవు 3 మి.మీ. అటూ ఇటూ. వన్ ఎక్స్‌లో అది ఫ్రేమ్ వెడల్పులో పన్నెండో వంతు, అంటే మధ్యలో ఒక గోధుమరంగు చుక్క. ఐదు రెట్లకి వెళ్తే బొమ్మ 15 మి.మీ. అవుతుంది, అప్పటికీ సగం ఫ్రేమ్ నిండదు. పది రెట్లకి నిండుతుంది. అక్కడ అది మనకి తెలిసిన పురుగులా ఉండదు: మెడ భాగం నిండా సూదితో పొడిచినట్టు గుంటలు, రెక్కల మీద నాలుగు తుప్పురంగు మచ్చలు, ముందుకి సాగిన ముక్కు, ఆ ముక్కుకి రెండు పక్కలా మోచేతిలా మడిచిన మీసాలు. ఎక్స్‌ట్రీమ్ మాక్రో అని జనం అనేది స్థూలంగా ఈ వన్ ఎక్స్ దాటిన ప్రాంతాన్నే. ఇరవై రెట్లు దాటితే అది ఇక మైక్రోస్కోపు వాళ్ల ఇలాకా.

చవక ఫోన్ల వెనక అదనంగా అతికించే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా దీనికి దరిదాపుల్లోకి రాదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో దాంట్లో మాక్రో అంత. ఖరీదైన ఫోన్లలో అల్ట్రావైడ్ లెన్స్‌తో రెండు సెంటీమీటర్ల దగ్గర దాకా వెళ్లే పద్ధతి ఉంది, అది కొంత నయం. కానీ అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది, పైగా వైడ్ లెన్స్ కాబట్టి ఫ్రేమ్‌లో పురుగు కంటే ఆకే ఎక్కువ కనిపిస్తుంది.

పెద్దది చేస్తే పోయేవి మూడు

మొదట పోయేది వెలుతురు. లెన్స్‌ను సెన్సార్‌కి దూరం జరిపే కొద్దీ అదే వెలుతురు ఎక్కువ మేర పరుచుకుంటుంది. వన్ ఎక్స్‌లో సెన్సార్‌కి చేరే వెలుతురు మామూలు కంటే నాలుగో వంతు, ఐదు రెట్లలో 36వ వంతు. లెక్క సులువే, మాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి వర్గం చేస్తే చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఐదు రెట్ల దగ్గర వ్యూఫైండర్ సందెవేళలా ఉంటుంది, అందులో కదిలే పురుగును వెతుక్కోవాలి.

రెండోది డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ముందూ వెనకా కలిపి ఎంత మందం షార్ప్‌గా వస్తుందనేది. వన్ ఎక్స్‌లో అపర్చర్ ఎఫ్/16 పెడితే (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) సుమారు 2 మి.మీ. దొరుకుతుంది, దాంతో ఈగ తల మొత్తం గట్టెక్కుతుంది. ఐదు రెట్లలో ఎఫ్/2.8 దగ్గర దొరికేది 0.05 మి.మీ. లోపే. మనిషి తల వెంట్రుక మందం అంతకంటే తక్కువేమీ ఉండదు. చీమ కంటి మీద ఫోకస్ కుదిరిందంటే దాని మీసం ఉండదు, మీసం కుదిరితే దవడలు ఉండవు.

"అయితే అపర్చర్ బాగా మూసేస్తే సరి కదా" అనేది ప్రతి కొత్తవాడికీ వచ్చే ఆలోచన. మూడో చిక్కు కాచుకుని ఉండేది అక్కడే. చిన్న రంధ్రంలోంచి దూరిన వెలుతురు చెదురుతుంది, దాన్ని డిఫ్రాక్షన్ అంటారు. ఇందులో మోసం ఏమిటంటే, ఐదు రెట్ల దగ్గర కెమెరా మీద కనిపించే ఎఫ్ నంబరు నిజం నంబరు కాదు, దాన్ని ఆరుతో గుణించాలి. ఎఫ్/11 అని పెట్టుకున్న మనిషి నిజానికి ఎఫ్/66తో తీస్తున్నాడు. అక్కడ ఒక్కో వెలుతురు చుక్క సెన్సార్ మీద దాదాపు 88 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మచ్చగా పడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లు. అంటే ఒక చుక్క పద్నాలుగు పిక్సెళ్ల మీద పులిమినట్టు అవుతుంది. పురుగు మీద చూసుకుంటే సుమారు 9 మైక్రాన్ల కంటే దగ్గరగా ఉన్న రెండు రోమాలు కలిసిపోయి ఒకటే గీతలా కనిపిస్తాయి. అదే ఎఫ్/2.8 దగ్గర ఆ హద్దు, లెన్స్ మంచిదైతే, 2 మైక్రాన్ల పైచిలుకే.

కాబట్టి ఇది ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కునే వ్యవహారం. మందం కావాలంటే మూయాలి, మూస్తే మసక. వివరం కావాలంటే తెరవాలి, తెరిస్తే మందం ఉండదు. ఎన్ని లక్షల లెన్స్ అయినా దీన్ని తప్పించుకోలేదు, ఎందుకంటే ఇది తయారీ లోపం కాదు, వెలుతురు స్వభావం. 60 మెగాపిక్సెళ్ల కెమెరా కొంటే చీమ ఇంకా బాగా వస్తుందనుకునే వాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదివితే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంటర్నెట్‌లో తిరిగే పురుగుల బొమ్మల్లో తల నుంచి తోక దాకా అంతా షార్ప్‌గా, కానీ రంగులు మాత్రం ఎందుకో అతికినట్టు లేకుండా కనిపించేవి కొన్ని ఉంటాయి. వాటిలో చాలావరకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు. అక్కడ వెలుతురు బదులు ఎలక్ట్రాన్లు వాడతారు కాబట్టి మందం బోలెడు దొరుకుతుంది, కానీ రంగు అసలు ఉండదు. పురుగుకి బంగారం లాంటి లోహంతో పలచని పూత వేసి తీసిన నలుపు తెలుపు బొమ్మకి తర్వాత కంప్యూటర్‌లో రంగు వేస్తారు. అది వేరే వంశం, కెమెరా ఫొటోతో పోల్చుకుని బాధపడక్కర్లేదు.

వందల రూపాయల దారి, లక్ష రూపాయల దారి

అన్నిటికంటే చవకైనది రివర్స్ రింగ్. లెన్స్‌ను తలకిందులుగా, ముందు భాగం కెమెరా వైపు వచ్చేలా బిగించడం. 28 మి.మీ. పాత లెన్స్ ఒకటి తిప్పి పెడితే ఇంచుమించు రెండు రెట్లు వస్తుంది, లెన్స్ ఎంత వైడ్ అయితే అంత పెద్దది. తిరగేసిన లెన్స్‌కి కెమెరాతో కరెంటు లింకు తెగిపోతుంది కాబట్టి, లెన్స్ మీదే అపర్చర్ తిప్పే రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్‌లే దీనికి మేలు. ఇంట్లో మూలన పడి ఉన్న ఫిల్మ్ కాలం లెన్స్‌కి మళ్లీ ఉద్యోగం దొరికేది ఇక్కడే. లెన్స్ వెనక భాగం దుమ్ముకి, పుప్పొడికి బయటపడి ఉంటుంది, అది చూసుకోవాలి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు అంటే లోపల గాజు లేని ఖాళీ గొట్టాలు. గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులో ఉండే మి.మీ. అంకెతో) భాగిస్తే అదనంగా ఎన్ని రెట్లు వస్తుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కి 50 మి.మీ. ట్యూబులు పెడితే వన్ ఎక్స్. అదే లెన్స్‌తో ఐదు రెట్లు కావాలంటే పావు మీటరు గొట్టం కావాలి, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది.

లెన్స్ ముందు క్లిప్పులా తగిలించే అద్దాలు మూడో రకం. వీటిలో జపాన్ వాళ్ల రేనాక్స్ డీసీఆర్-250కి పేరెక్కువ, దాని శక్తి 8 డయాప్టర్లు. 200 మి.మీ. టెలీ లెన్స్ ముందు పెడితే 1.6 రెట్లు వస్తుంది. తీసేస్తే మళ్లీ పిట్టల్ని తీసుకోవచ్చు. పొలం గట్ల మీద తిరిగేవాళ్లకి ఇంతకంటే అనుకూలమైనది లేదు.

ప్రత్యేకంగా దీనికోసమే చేసిన లెన్స్‌లలో కానన్ 1999లో తెచ్చిన ఎంపీ-ఈ 65 మి.మీ. చాలా ఏళ్లు ఏకచ్ఛత్రాధిపత్యం చేసింది. ఒక్క రింగు తిప్పితే ఒకటి నుంచి ఐదు రెట్ల దాకా వెళ్తుంది. దాంతో మనిషి ఫొటో తీయడం కుదరదు, ఇంకా చెప్పాలంటే జాన దూరంలో ఉన్న వస్తువును కూడా తీయలేం. ఆటోఫోకస్ లేదు. ఐదు రెట్ల దగ్గర లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య దూరం నాలుగు సెంటీమీటర్లు. 2018లో చైనా కంపెనీ లావోవా 25 మి.మీ. లెన్స్‌తో రెండున్నర నుంచి ఐదు రెట్ల దాకా చాలా తక్కువ ధరలో, ఇతర కంపెనీల కెమెరాలకి కూడా దొరికేలా చేయడంతో ఆ ఆధిపత్యం కొంత సడలింది. సన్నటి ముక్కు ఉండడం దాని సుగుణం, ఆకుల మధ్యకి దూరిపోతుంది.

ఇంకా పైకి వెళ్లాలంటే మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్, అంటే మైక్రోస్కోపులో వస్తువు వైపు ఉండే లెన్స్. ఇన్ఫినిటీ రకం (వెనక ఇంకో లెన్స్ ఉంటేనే బొమ్మ ఏర్పడే రకం) పది రెట్ల ఆబ్జెక్టివ్‌ను అడాప్టర్‌తో 200 మి.మీ. టెలీ లెన్స్ ముందు బిగిస్తే కెమెరాయే మైక్రోస్కోపు అవుతుంది. ఇక్కడ చూడాల్సినది రెట్ల సంఖ్య కాదు, రెండు విషయాలు. ఒకటి న్యూమరికల్ అపర్చర్, అది ఎంత ఎక్కువైతే అంత సన్నటి వివరం. రెండోది లెన్స్‌కీ వస్తువుకీ మధ్య మిగిలే దూరం. కాలేజీ ల్యాబులో వాడే మామూలు ఆబ్జెక్టివ్‌లకి పది రెట్ల దగ్గర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, అందులోకి వెలుతురు ఎక్కడి నుంచి పంపాలి? ఫ్యాక్టరీల్లో తనిఖీలకి వాడే మిటుటోయో పది రెట్ల ఆబ్జెక్టివ్‌కి 34 మి.మీ. ఉంటుంది. దాని ధర భారీగా ఉండడానికి ఇది పెద్ద కారణం.

వెలుతురే సగం ఫొటో

36 రెట్లు పోయిన వెలుతురును ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడం బయట కుదిరే పని కాదు, ఎందుకంటే పురుగుతో పాటు దాని కదలిక కూడా ఐదు రెట్లు పెద్దదవుతుంది. గాలికి గడ్డిపోచ ఒక్క మిల్లీమీటరు ఊగితే ముక్కుపురుగు తన ఒంటి పొడవులో మూడో వంతు జరిగిపోయినట్టే. అందుకే ఫ్లాష్.

ఫ్లాష్ ఇచ్చేది వెలుతురు ఒక్కటే కాదు, వేగం కూడా. కెమెరా మీద తగిలించే మామూలు ఫ్లాష్‌ను (స్పీడ్‌లైట్) పూర్తి పవర్‌లో పేలిస్తే సెకనులో వెయ్యో వంతు, అంతకంటే ఎక్కువసేపు వెలుగుతుంది. 1/32 పవర్‌కి తగ్గిస్తే అదే వెలుగు సెకనులో పదివేలో వంతుకి అటూ ఇటూగా ముగిసిపోతుంది. ఫ్లాష్ వెలుగు ఒక్కటే సెన్సార్‌కి చేరేలా పెట్టుకుంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా సరే, ఫొటో తీసినట్టు లెక్కకొచ్చేది ఆ పదివేలో వంతు క్షణమే. ఇక్కడ పవర్ తక్కువ పెట్టడమే లాభం, కాబట్టి ఫ్లాష్‌ను వీలైనంత దగ్గరికి తేవాలి.

అసలు గొడవ వచ్చేది మెరుపుతో. పురుగుల ఒంటి మీద ఉండే కైటిన్ పెంకు చాలామటుకు వార్నిష్ వేసిన చెక్కలా ఉంటుంది. పేడపురుగు వీపు మీద ఫ్లాష్ నేరుగా కొడితే ఒక తెల్లటి మచ్చ, చుట్టూ నల్లటి చీకటి, అంతే వస్తుంది. ఆ మచ్చలో గుంటలూ గీతలూ రంగులూ అన్నీ మాయం. దీనికి మందు ఫ్లాష్ బలం తగ్గించడం కాదు, దాని వైశాల్యం పెంచడం. పురుగు కళ్లతో చూస్తే ఆకాశంలో సగం తెల్లగా కనిపించాలి. అంటే ఒక తెల్లటి పలచని తెర, పురుగుకి రెండు మూడు అంగుళాల దూరంలో, గొడుగులా వంచి పెట్టాలి. ట్రేసింగ్ పేపర్, పాల రంగు ప్లాస్టిక్ డబ్బా మూత, పలచని థర్మాకోల్ గిన్నె, ఏదైనా పని చేస్తుంది. ఫ్లాష్‌కి ఒక పొర, తర్వాత కాస్త ఖాళీ, తర్వాత ఇంకో పొర పెడితే మధ్యలో మరీ తెల్లగా పడే మచ్చ కూడా పోతుంది. గొట్టంలా ఉండే చిప్స్ డబ్బా లోపలి వెండి రేకుతో వెలుతురును లెన్స్ మూతి దాకా మోసుకొచ్చి, చివర టిష్యూ కాగితం అంటించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఈ తెర, అంటే డిఫ్యూజర్, ఎలా ఉందో తెలియాలంటే ఫొటోలో పురుగు కంట్లోకి చూస్తే చాలు, దాని ఆకారం అక్కడ అచ్చు పడి ఉంటుంది.

బంగారు, నెమలి రంగుల్లో మెరిసే పురుగులకి ఇంకో తిరకాసు. వాటి రంగు చాలావరకు రంగు పదార్థం వల్ల రాదు, పెంకులోని సన్నటి పొరలు వెలుతురును తిప్పికొట్టే తీరు వల్ల వస్తుంది. వెలుతురు కోణం మారితే ఆకుపచ్చ కాస్తా నీలం అవుతుంది. అందుకే ఒకే పురుగును ఇద్దరు తీస్తే రెండు పురుగుల్లా కనిపిస్తుంది, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. గొల్లభామ కంట్లో కెమెరా ఎటు తిరిగితే అటు తిరిగే నల్ల చుక్క కూడా అలాంటి మాయే. అది కనుపాప కాదు. గుత్తిలాంటి ఆ కంటిలో సరిగ్గా మన వైపు చూస్తున్న గదులు వెలుతురును మింగేయడం వల్ల అక్కడ నల్లగా కనిపిస్తుంది.

పొరలు పొరలుగా

మందం సమస్యకి ఇవాళ ఉన్న ఒకే ఒక నిజమైన జవాబు ఫోకస్ స్టాకింగ్. కెమెరాను కొద్దికొద్దిగా ముందుకి జరుపుతూ వరసగా ఫొటోలు తీసి, ప్రతి ఫొటోలో షార్ప్‌గా ఉన్న పొరను మాత్రం తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో ఒకటి చేయడం. డిఫ్రాక్షన్ రానంత తెరిచి ఉన్న అపర్చర్‌తో తీయొచ్చు, మందం ఎంత కావాలంటే అంత కూడగట్టుకోవచ్చు. పోయేది సమయం.

ఎన్ని ఫొటోలు కావాలో లెక్కేయొచ్చు. ముక్కుపురుగును ఎదురుగా, ముక్కు నుంచి వీపు చివరి దాకా 3 మి.మీ. లోతు తీయాలనుకుందాం. ఐదు రెట్లలో ఎఫ్/2.8 దగ్గర ఒక్కో పొర 40 నుంచి 50 మైక్రాన్లు. పొరలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కాలి కాబట్టి 35 మైక్రాన్లకి ఒక ఫొటో అనుకుంటే 86 ఫొటోలు. న్యూమరికల్ అపర్చర్ 0.25 ఉన్న పది రెట్ల ఆబ్జెక్టివ్‌తో అయితే పొర మందం 9 మైక్రాన్లే, 7 మైక్రాన్లకి ఒకటి చొప్పున 430 దాకా వెళ్తుంది. కెమెరాను జరిపే పట్టాను చేత్తో తిప్పుతూ 7 మైక్రాన్లు జరపడం అయ్యే పని కాదు, అందుకే మోటారుతో నడిచే పట్టాలు వచ్చాయి. ఆ స్థాయిలో సీలింగ్ ఫ్యాను, పక్క గదిలో నడక, వీధిలో లారీ, అన్నీ ఫొటోలో పడతాయి. అర్ధరాత్రి దాటాక పని మొదలుపెట్టేవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

దీన్ని చివరి అంచు దాకా తీసుకెళ్లిన వాడు బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లెవాన్ బిస్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలోని పురుగుల్ని 36 మెగాపిక్సెళ్ల కెమెరా, 200 మి.మీ. లెన్స్, పది రెట్ల ఆబ్జెక్టివ్‌తో తీశాడు. ఒక్కో పురుగు ఫొటోను దాదాపు 30 భాగాలుగా విడగొట్టుకుని, ఏ భాగానికి తగ్గ వెలుతురు దానికి పెట్టి, ఒక్కో పురుగుకి 8,000 పైన ఫొటోలు తీసి కలిపాడు. 2016లో వాటిని పెద్ద పెద్ద ప్రింట్లుగా, కొన్ని 3 మీటర్ల దాకా, అదే మ్యూజియంలో ప్రదర్శించారు. పది మి.మీ. పురుగును అంత పెద్దది చేసినా పిక్సెళ్లు కనిపించలేదంటే కారణం కెమెరా కాదు, ఆ ఎనిమిది వేలు.

సాఫ్ట్‌వేర్ కూడా దేవుడేమీ కాదు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే రెండు ప్రోగ్రాములు ఎక్కువగా వాడతారు. రెండింటిలోనూ స్థూలంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి ప్రతి చోటా ఏ ఫొటో షార్ప్‌గా ఉందో మ్యాపు గీసుకుని అక్కడి నుంచి తెచ్చేది, దీంతో రంగులు, నునుపు సహజంగా ఉంటాయి, కానీ ఒక రోమం వెనక ఇంకో రోమం అడ్డంగా ఉంటే తికమకపడి ఒకదాన్ని మధ్యలో కోసేస్తుంది. రెండోది పిరమిడ్ పద్ధతి, ఇది రోమాల చిక్కుముడిని బాగా విప్పుతుంది, బదులుగా గరుకుదనం, కాంట్రాస్ట్ పెంచేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు రెండూ చేసి, ఒకదాని మీద ఇంకోటి బ్రష్‌తో దిద్దుకుంటారు. మరి అది నిజం ఫొటోయేనా అనే ప్రశ్నకి ఇక్కడ జవాబు: ప్రతి పిక్సెల్ నిజంగా కెమెరా చూసినదే, కానీ ఆ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి ఏ కన్నూ, ఏ లెన్సూ చూడలేదు.

ట్రైపాడ్ లేకుండా కూడా స్టాకింగ్ చేస్తారు. పురుగు ఉన్న కొమ్మను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా పట్టుకుని, లెన్స్ మూతిని అదే చేతి మీద ఆనిస్తే గాలి వీచినా పురుగూ లెన్సూ కలిసే ఊగుతాయి. తర్వాత ఊపిరి బిగబట్టి, ఒంటిని వెంట్రుకవాసి ముందుకి వాలుస్తూ వరసగా పది క్లిక్కులు. ఒలింపస్ లాంటి కొన్ని కెమెరాలు ఫోకస్‌ను తమంతట తామే జరుపుకుంటూ ఈ పని చేసిపెడతాయి.

బతికిన పురుగు, చచ్చిన పురుగు

430 ఫొటోలకి కదలకుండా పోజిచ్చే పురుగు ఉండదు. కాబట్టి పది రెట్ల దగ్గర మనం చూసే ఫొటోల్లో అత్యధికం చచ్చిన పురుగులవే. అమెరికా జియలాజికల్ సర్వేకి చెందిన తేనెటీగల ల్యాబు తన ఫొటోలను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. వాళ్లు తేనెటీగల నమూనాలను సబ్బు నీళ్లలో కడిగి, డ్రయ్యర్ గాలితో వెంట్రుకలు విచ్చుకునేలా ఆరబెడతారు. ఐదు రెట్లలో ఒక్క దుమ్ము కణం రాయిలా కనిపిస్తుంది మరి. చచ్చి చాలా రోజులైన పురుగును గుర్తుపట్టడం కష్టం కాదు, కళ్లు చూడాలి. ఎండిపోయిన ఈగ కన్ను సొట్టపడి లోపలికి పోతుంది.

బతికిన వాటిని తీసేవాళ్ల ఆయుధం తెల్లవారుజాము. పురుగులకి ఒంటి వేడి బయటి నుంచే రావాలి, చలిలో అవి కదల్లేవు. చలికాలంలో అరకు, లంబసింగి వైపు పొద్దు పొడవకముందు తూనీగలు రెక్కల నిండా మంచు బిందువులతో గడ్డిపోచకి వేలాడుతుంటాయి, ఎండ తగిలేదాకా కెమెరా నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చినా ఏమీ చేయవు. పొట్ట మీద నీలం చారలుండే ఒక రకం ఒంటరి తేనెటీగ మన దగ్గరే ఉంది. వాటిలో మగవి రాత్రిళ్లు ఎండుపుల్లని దవడలతో కరిచిపట్టుకుని, కాళ్లు ముడుచుకుని నిద్రపోతాయి, సాయంత్రం చూసిన పుల్ల మీదే మర్నాడు కూడా దొరికే అవకాశం ఉంది. ముక్కుపురుగు అయితే తాకగానే కాళ్లు ముడిచి చచ్చినట్టు నటిస్తుంది, ఫొటోగ్రాఫర్‌కి అది ఉచితంగా దొరికిన స్టాకింగ్ అవకాశం.

ఇందులో దొంగదారి కూడా ఉంది: పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, కాళ్లకి జిగురు పెట్టడం, అలా తీసి "ప్రకృతి ఒడిలో" అని రాసుకోవడం. చచ్చిన నమూనా అని చెప్పి తీసిన ఫొటోలో తప్పేమీ లేదు, చెప్పకపోవడంలోనే ఉంది. పైగా కొన్ని సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్నాయి, వాటిని పట్టుకోవడమే నేరం.

మిరప తోటలో ఇదంతా ఎందుకు

ఇది డబ్బున్నవాళ్ల సరదా అని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే పురుగు ఫొటో ఇప్పుడు పొలంలోంచి వాట్సాప్‌లో వెళ్తోంది. 2018లో కర్ణాటకలో మొదట బయటపడి తర్వాత మన మొక్కజొన్న మీద పడిన కత్తెర పురుగును గుర్తుపట్టడానికి మామూలు ఫోనే చాలు. తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. ఎదిగిన లద్దెపురుగు మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఫోకస్ కుదిరితే చాలు, గుర్తులు కనిపిస్తాయి.

2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరపని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగుతో కథ వేరు. అది ఒక మిల్లీమీటరు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని రైతులు ఏళ్లుగా పెట్టుకున్న లెక్క ఉంది. కానీ ఇది పూలల్లో గుంపులుగా చేరే రకం, ఆకు చూసి మాత్రమే తేల్చుకోవడం కుదరలేదు. ఈ పురుగు 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో వన్ ఎక్స్ దగ్గర 167 పిక్సెళ్లు వస్తుంది, ఐదు రెట్ల దగ్గర 833. మొదటిది "నల్లగా ఏదో ఉంది" అనడానికి సరిపోతుంది, రెండోది రెక్కల అంచున దువ్వెన పళ్లలా ఉండే రోమాలు చూడడానికి. కచ్చితంగా ఏ జాతి అన్నది తేల్చాలంటే మాత్రం నిపుణులు స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాల్సిందే, ఎంత మంచి ఫొటో అయినా దాని బదులు కాదు.

ఐదు రెట్ల లెన్స్ పొలంలో ఎవరి దగ్గరా ఉండదు. కానీ పది రెట్ల చిన్న భూతద్దం ఉంటే పని నడుస్తుంది. దాన్ని ఫోన్ కెమెరాకి ఆనించి, పురుగును రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంచితే మామూలు కెమెరాతో సుమారు 35 మి.మీ. వెడల్పు ఫ్రేమ్ వస్తుంది, 4000 పిక్సెళ్ల ఫొటోలో పురుగుకి దక్కేది 115 పిక్సెళ్లు. అదే మూడు రెట్ల టెలీ కెమెరా ఉన్న ఫోన్ అయితే 340 దాకా వస్తుంది, అంటే ఖరీదైన కెమెరా వన్ ఎక్స్‌లో ఇచ్చేదానికి రెట్టింపు. కొన్ని ఫోన్లు దగ్గరి వస్తువు కనిపించగానే చెప్పాపెట్టకుండా మామూలు కెమెరాకి మారిపోతాయి, టెలీ లెన్స్‌ను వేలితో మూసి చూస్తే ఏది పని చేస్తోందో తెలిసిపోతుంది.

పూలని తెల్ల కాగితం మీద దులిపితే పురుగులు రాలతాయి. కాగితం నీడలో ఉండాలి, ఎండలో వద్దు, నీడలో వెలుతురు నాలుగు వైపుల నుంచీ మెత్తగా వస్తుంది కాబట్టి డిఫ్యూజర్ అక్కర్లేదు. పక్కన స్కేలు పెట్టి మిల్లీమీటరు గీతలు ఫ్రేమ్‌లో పడేలా చూసుకోవాలి. ఒకటి కాదు, ఫోన్‌ను కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక పది తీసి, అన్నిటికంటే షార్ప్‌గా ఉన్న రెండు పంపాలి. దులిపిన పువ్వు ఫొటో, ముడుచుకున్న ఆకు ఫొటో విడిగా జత చేస్తే చూసేవాళ్ల పని సగం తగ్గుతుంది.